నోటు పుస్తకం మనది, తాళంచెవి ఎవరిది?

మొన్నటి జిల్లా సమావేశంలో నేను లేవనెత్తిన విషయానికి ఒక మిత్రురాలు నవ్వి, "అక్కా, ఆడవాళ్ళ మీద ఇన్ని దాడులు జరుగుతుంటే ఫోన్లో ఏ యాప్‌లో రాసుకోవాలన్నది కూడా మనకొక సమస్యేనా?" అంది. మిగతావాళ్ళూ నవ్వారు. భోజనాల వేళయింది, చర్చ అక్కడితో ఆగిపోయింది. ఆరోజు నేను జవాబు చెప్పలేకపోయాను. సమావేశాల్లో నాకెప్పుడూ జవాబు ఇంటికొచ్చాకే తోస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె మీద కోపంతో కాదు. ఆ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు, మనలో చాలామందిది కాబట్టి.

సమస్యే. ఎందుకు సమస్యో చెప్పడానికి రెండు సంఘటనలు చాలు.

మా కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చిన స్త్రీ చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడం ఇరవై ఏళ్ళకు పైగా నా పని. ఎప్పుడు కొట్టాడు, దేనితో కొట్టాడు, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, ఏ ఆసుపత్రికి వెళ్ళింది, స్టేషన్లో ఎస్సై ఏమన్నాడు, పెద్దమనుషులు ఏం చెప్పి కాపురానికి పంపారు. మొదట్లో ఇవన్నీ లాంగ్ నోటుబుక్కుల్లో రాసేదాన్ని. తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చింది. సంచీ బరువు తగ్గుతుందని, వెతుక్కోవడం సులువని, అందరూ వాడుతున్నారని, పైగా ఉచితమని ఒక యాప్‌లోకి మారాను. ఆరేళ్ళు అందులోనే రాశాను. ఒకరోజు బస్సులో ఫోన్ పోయింది. కొత్త ఫోన్ కొని నా ఖాతా తెరవబోతే పాత నంబరుకు ఓటీపీ పంపామంది. ఆ నంబరు నేను వదిలేసి రెండేళ్ళయింది. కంపెనీకి రాశాను. యంత్రం రాసిన జవాబొకటి వచ్చింది, మళ్ళీ అదే ఓటీపీ అడుగుతూ. మాట్లాడ్డానికి మనిషి లేడు, వెళ్ళి నిలదీయడానికి ఆఫీసు లేదు. కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చుని పనులు చేయించుకున్నవాళ్ళం మనం. ఈ కంపెనీ గుమ్మం ఎక్కడుందో కూడా నాకు తెలియలేదు.

ఆ నోట్సులో ఒక మనోవర్తి కేసు వివరాలున్నాయి. ఆమెను మొదటిసారి ఇంట్లోంచి గెంటేసిన తేదీ అందులోనే రాసి వుంది. కోర్టులో అవతలి వకీలు వరసగా తేదీలు అడిగితే ఆమె తడబడింది. ఎందుకు తడబడదు? ఏడేళ్ళలో పదకొండుసార్లు గెంటేస్తే ఏది ఏ నెలలోనో ఎవరికి గుర్తుంటుంది? "నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదమ్మా, నేను రాసిపెడుతున్నాగా" అని ఆమెకు మాట ఇచ్చినదాన్ని నేను. సాక్షి అప్పటికప్పుడు రాసుకున్న కాగితం చూసి జ్ఞాపకం తెచ్చుకోవడానికి 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం వీలు కల్పించింది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ వీలుంది. చూసుకోవడానికి నా దగ్గర ఏముంది? వుత్త చేతులతో బోనెక్కి దిగాను.

ఇంకొకామె సంగతి ఇంతకన్నా ఘోరం. ఆమెను గుర్తుపట్టే వివరాలు వదిలేసి చెబుతాను. చదువుకున్న మనిషి, తన గోడు తనే ఫోన్లో రాసుకునేది. రాసుకోమన్నది మేమే. ప్రతి దెబ్బకూ తేదీ వేసి పెట్టుకో, ముందుముందు పనికొస్తుందని సలహా ఇచ్చాం. ఆ ఫోన్ కొనిచ్చింది భర్త. అందులో మెయిల్ ఖాతా తెరిచిందీ, పాస్‌వర్డు పెట్టిందీ అతనే. వంటింట్లో కూర్చుని ఆమె రాసుకున్న ప్రతి అక్షరం అతని కంప్యూటర్లో ఎప్పటికప్పుడు ప్రత్యక్షమవుతోందని ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. నగలు తల్లి దగ్గర దాచిన సంగతి, ఫలానా రోజున మా దగ్గరికి రావాలనుకున్న సంగతి అతను ముందే చదివేశాడు. ఆ రోజు ఆమె రాలేదు. వారం తర్వాత చేతికి కట్టుతో వచ్చింది.

ఇక్కడ యాప్ చెడిపోలేదు, ఎవరూ దొంగతనంగా జొరబడలేదు. ఒకచోట రాస్తే అన్నిచోట్లా కనిపిస్తుందని ప్రకటనల్లో చెప్పుకునే సుగుణమే ఆమె చెయ్యి విరగ్గొట్టించింది. ఆ సుగుణాన్ని తయారుచేసినవాడి వూహలో, ఖాతా ఒకరిదీ ఫోన్ ఒకరిదీ అయిన ఇల్లు లేదు. మన ఇళ్ళు చాలావరకూ అలాంటివే.

ఆస్తి విషయంలో మనం ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, కూతుళ్ళకు కూడా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా వుందని చెప్పింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వచ్చినంత మాత్రాన పాసుపుస్తకంలో పేరు మారదని మనకు అనుభవమే. అందుకే ఏ స్త్రీ వచ్చినా, ఇల్లు ఎవరి పేరున వుంది, పొలం ఎవరి పేరున వుంది, బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గర వుంది అని అడగడం మనకు అలవాటైపోయింది. మరి, ఫోన్లో ఖాతా ఎవరి పేరున వుంది, నువ్వు రాసింది ఎక్కడికి పోతుంది, దాని తాళంచెవి ఎవరి దగ్గర వుంది అని ఎందుకు అడగడం లేదు? పట్టా కోసం పోరాడినవాళ్ళం, మన మాటల పట్టా మాత్రం ముక్కూమొహం తెలియని కంపెనీకి రాసిచ్చేశాం. "అంగీకరిస్తున్నాను" అన్న చోట వేలు నొక్కి మరీ రాసిచ్చాం. చదవకుండా వేలిముద్ర వేయవద్దని వూరూరా తిరిగి చెప్పింది మనమే. నెల్లూరు జిల్లాలో 1992 నాటి సారా వ్యతిరేక పోరాటం అక్షరాస్యతా తరగతుల్లోంచే కదా పుట్టుకొచ్చింది.

ఇక "ఉచితం" అన్న మాట సంగతి. ఇంగ్లీషులో డబ్బు తీసుకోకుండా ఇచ్చేదానికీ, ఎవరి ఆధీనంలోనూ లేనిదానికీ ఒకటే మాట. మనకా ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఎన్నికల ముందు పంచిన చీర ఉచితమే, దానిలో స్వేచ్ఛ ఎంతుందో మనకు తెలుసు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు 1983లో మొదలుపెట్టిన ఉద్యమం అడిగింది ఉచిత సాఫ్ట్‌వేర్‌ని కాదు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని. దాన్ని దేనికైనా వాడుకునే హక్కు, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకునే హక్కు, ఇంకొకరికి ఇచ్చే హక్కు, మార్చినదాన్ని కూడా నలుగురికీ పంచే హక్కు. అది ప్రాథమికంగా హక్కుల భాష. హక్కుల పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా వుండాల్సింది కాదు.

"కోడ్ చూసే హక్కు నాకెందుకు? నాకు చదవడమే రాదుగా" అని అడిగినవాళ్ళున్నారు. పొదుపు సంఘంలో పద్దుల పుస్తకం గుర్తుచేసుకోండి. సంఘంలో సగంమందికి లెక్కలు రాకపోవచ్చు. అయినా ఆ పుస్తకం ఏ సభ్యురాలు అడిగినా చూపించి తీరాలని పట్టుబడతాం. ఎందుకు? తను చదవలేకపోతే పదో తరగతి చదివే కూతురి చేత చదివించుకుంటుంది. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చదువుతారన్న భయం లెక్క రాసేవాడికి వుంటుంది. బీరువాలో పెట్టి తాళం వేసి "నన్ను నమ్మండి, లెక్క సరిగ్గానే వుంది" అంటే ఏ సంఘమూ ఒప్పుకోదు. కోడ్ దాచిపెట్టిన యాప్ సరిగ్గా ఆ మాటే అంటోంది.

పద్దుల పుస్తకం అందరిదీ అయినప్పుడు ఇంకొక లాభం వుంది. అధ్యక్షురాలు దారి తప్పితే సభ్యులు పుస్తకం తీసుకుని వేరే కూర్చోవచ్చు. ఓపెన్‌ఆఫీస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పోషిస్తున్న సన్ కంపెనీని ఒరాకిల్ కొనేసిన తర్వాత, 2010లో దాని మీద పనిచేస్తున్నవాళ్ళు చాలామంది కోడ్ తీసుకుని బయటికొచ్చి లిబ్రేఆఫీస్ పేరుతో కొనసాగించారు. వాడేవాళ్ళ ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. కంపెనీ సొంత యాప్ అయితే అలా బయటికి రావడానికి దారే లేదు. ఎవర్‌నోట్ చరిత్ర చూడండి. నోట్సు రాసుకునే యాప్‌లలో ఒకప్పుడు దానికున్నంత పేరు దేనికీ లేదు. 2016 డిసెంబరులో, యంత్రాలకు నేర్పించే పనిలో భాగంగా తమ ఉద్యోగులు కొందరు వాడకందార్ల నోట్సు చదవవచ్చని కొత్త నిబంధన ప్రకటించారు. జనం మండిపడ్డాక, మీరు ఒప్పుకుంటేనే చదువుతామని వెనక్కి తగ్గారు. తర్వాత ఇటలీ కంపెనీ ఒకటి దాన్ని కొనేసింది. 2023 డిసెంబరు నుంచి డబ్బు కట్టనివాళ్ళకు 50 నోట్సు, ఒక్క పుస్తకం మాత్రమే అన్నారు. గూగుల్ వాళ్ళు 2006లో గూగుల్ నోట్‌బుక్ అని ఒకటి తెచ్చి 2012లో ఎత్తేశారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు నేననేది. దుకాణం వాళ్ళది. తెరిచేదీ మూసేదీ వాళ్ళిష్టం. మన బతుకుల రికార్డును ఇంకొకరి దుకాణంలో ఎందుకు పెట్టాలన్నదే ప్రశ్న.

ఈ దెబ్బ మనం ఒకసారి తిన్నాం, మర్చిపోయాం. తొంభైల చివర్లో మేము ఒక బులెటిన్ నడిపాం. డీటీపీ చేయించిన ఫ్లాపీలన్నీ జాగ్రత్తగా దాచాను. కొన్నేళ్ళ కిందట ఒక అమ్మాయి వాటిని ఎలాగో తెరిచి చూపిస్తే తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొమ్మలు, పిచ్చి గుర్తులు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, అప్పటి డీటీపీ సెంటర్లలో ఏ కంపెనీ ఫాంటు దానిదే. ఆ ఫాంటు వుంటేనే అది తెలుగు, లేకపోతే చెత్త. అచ్చయిన కాపీలు మాత్రం చెదలు పట్టినా చదవగలిగాం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీ శక్తి సంఘటన సేకరించి 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది. అది ఏదో కంపెనీ యాప్‌లోనే వుండిపోయి, ఆ కంపెనీ మూతపడి వుంటే ఆ చరిత్ర మళ్ళీ మనకు తెలియనిదే అయ్యేది. అందుకే యాప్ ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది కోడ్ గురించి కూడా కాదు. నా నోట్సును ఈ యాప్ లేకుండా చదవగలనా? మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా బయటికి తీసుకోగలనా? ఒకమాట న్యాయంగా చెప్పాలి. అబ్సిడియన్ అని ఒక యాప్ వుంది. దాని కోడ్ దాచిపెట్టిందే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. కానీ నోట్సును మన యంత్రం మీదే మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా పెడుతుంది. కంపెనీ రేపు పోయినా మన మాటలు మిగులుతాయి. ఆ మేరకు అది చాలావాటికన్నా నయం.

"మనకు దాచుకోవాల్సింది ఏముంది?" అనే మాట ఎక్కువగా మగవాళ్ళ నోట వింటాను. మన సంఘంలోనూ విన్నాను, అదీ నన్ను బాధపెట్టింది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో 2022లో ఒక గర్భస్రావం కేసులో తల్లీకూతుళ్ళు రాసుకున్న ఫేస్‌బుక్ సందేశాలను పోలీసులు వారంటుతో కంపెనీ నుంచి తీసుకున్నారు. 2023లో ఇద్దరికీ జైలుశిక్ష పడింది. నెలసరి లెక్కలు రాసుకునే ఫ్లో అనే యాప్, వివరాలు గోప్యంగా వుంచుతామని మాట ఇచ్చి ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకు అందజేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2021లో ఫ్లో కంపెనీ రాజీకి వచ్చింది. అది అమెరికా కదా అంటారా? మన దగ్గర, భార్యకు తెలియకుండా భర్త రికార్డు చేసిన ఫోన్ సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులై 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. హక్కు వుంది, ఇంటి గడప దగ్గరా రాజ్యం గడప దగ్గరా అది చెప్పులు విప్పేసి లోపలికి వెళ్తుంది. దాచుకోవాల్సింది మనకు కాక ఎవరికుంటుంది? నిద్రపోతున్నప్పుడు వేలు పట్టుకుని ఫోన్ తెరిచే ఇంట్లో బతికేది మనమే కదా.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనగానే అంతా బంగారం అని నేను చెప్పడం లేదు. ఆ ప్రపంచం మగవాళ్ళతో నిండిపోయి వుంది. నేను పైన పొగిడిన స్టాల్‌మనే జెఫ్రీ ఎప్‌స్టీన్ వ్యవహారానికి సంబంధించి రాసిన ఈమెయిళ్ళు బయటపడి, విమర్శలు వచ్చి, 2019 సెప్టెంబరులో తను స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. 2021లో బోర్డులోకి తిరిగొస్తే వేలమంది బహిరంగ లేఖ మీద సంతకాలు చేసి నిరసన తెలిపారు. ఉద్యమాల్లో మహానుభావుల చుట్టూ తిరిగే జబ్బు మనకు కొత్త కాదు. ఉద్యమాన్ని నాయకుడి నుంచి విడదీసి తీసుకోవడం కూడా మనకు కొత్త కాదు. ఆ ఉద్యమంలో స్త్రీల పనీ వుంది. ఫ్లోకు జవాబా అన్నట్టు, బెర్లిన్‌లో కొందరు డ్రిప్ అనే నెలసరి యాప్‌ను బహిరంగ కోడ్‌తో తయారుచేశారు. అందులో రాసింది ఆ ఫోన్లోనే వుంటుంది, ఎవరి సర్వరుకూ పోదు.

కోడ్ అందరికీ కనిపిస్తుందంటే ఎవరో చూసేశారని కాదు. బ్యాంకుల నుంచి మెయిల్ దాకా సగం ఇంటర్నెట్ నమ్ముకున్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్‌లో 2012లో దూరిన పెద్ద లోపం 2014 ఏప్రిల్‌లో గానీ బయటపడలేదు. అంతటి పనిని బొటాబొటీ డబ్బుతో కొద్దిమంది భుజాన వేసుకుని మోస్తున్నారని లోకానికి అప్పుడు తెలిసింది. జీతం లేని చాకిరీ మీద ఇల్లంతా నడుస్తూ, ఎవరూ దాన్ని పనిగా లెక్కవేయకపోవడం మనకు తెలియని విషయమా? అందుకే నా అభిప్రాయంలో, వాడుకునే సంఘాలు ఏడాదికి ఎంతో కొంత చందా పంపాలి. ఉచితంగా వస్తోంది కదా అని వూరుకోవడం సరికాదు.

మరి ఏది వాడాలి? సంఘానికి ఒకటి, ఇంట్లో ప్రమాదంలో వున్న స్త్రీకి ఇంకొకటి. ఈ రెండింటినీ కలిపేయడమే మేము చేసిన తప్పు.

సంఘం పనికి మేము జోప్లిన్ పెట్టుకున్నాం. స్కాట్ జోప్లిన్ అనే అమెరికా నల్లజాతి సంగీతకారుడి పేరట అది. ఖాతా తెరవకుండానే, నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ వుంటుంది. నోట్సంతా మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా బయటికి తీసుకోవచ్చు, ఎవర్‌నోట్‌లో దాచుకున్నవీ లోపలికి తెచ్చుకోవచ్చు. కానీ దీనిలో తెలుసుకోవాల్సిన మెలిక వుంది. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పంపేటప్పుడు మాటలను మన తాళంచెవి లేనివాళ్ళు చదవలేని గూఢలిపిలోకి మార్చే ఏర్పాటు, ఎన్‌క్రిప్షన్ అంటారే అది, మనంతట మనం పెట్టుకుంటేనే పనిచేస్తుంది. పెట్టుకున్నా, ఫోన్ లోపల వున్న నోట్సు మాత్రం మామూలుగానే వుంటాయి. ఫోన్ చేతికి చిక్కినవాడు చదవగలడు. ఈ సంగతి నాకు చెప్పింది మా సభ్యురాలి కూతురు. ఇంజనీరింగు చదువుతోంది. "పెద్దమ్మా, స్వేచ్ఛ వున్నంత మాత్రాన తాళం వున్నట్టు కాదు, తాళం మనమే వేసుకోవాలి" అని నన్ను కూర్చోబెట్టి చూపించింది.

స్టాండర్డ్ నోట్స్ అని మరొకటి వుంది. దీని కోడూ బహిరంగమే. ఇందులో గూఢలిపి మొదటి నుంచీ వుంటుంది, కంపెనీ కూడా మన నోట్సు చదవలేదు. 2024లో స్విట్జర్లాండ్ సంస్థ ప్రోటాన్‌లో చేరింది. దీని ఇబ్బంది వేరు. పాస్‌వర్డు మరిచిపోతే దేవుడు కూడా తెరవలేడు. నా ఆరేళ్ళ నోట్సు పోయిన బాధ తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, పాస్‌వర్డును కాగితం మీద రాసి, సంఘంలో ఇద్దరి దగ్గర, రెండు వేర్వేరు ఇళ్ళల్లో దాచండి. నవ్వకండి. బ్యాంకు లాకరు తాళాలు అలాగే కదా దాస్తాం. గాయాల ఫొటోలు, రికార్డులు తీసి పెట్టుకోవడానికి టెల్లా అనే బహిరంగ కోడ్ యాప్ వుంది. హక్కుల ఉల్లంఘనలను నమోదు చేసేవాళ్ళ కోసమే తయారైంది. ఆండ్రాయిడ్ ఫోన్లో అది కాలిక్యులేటర్ లాగా వేషం వేసుకుని కూర్చుంటుంది, అవసరమైతే లోపలివన్నీ ఒక్కసారిగా చెరిపేయవచ్చు.

ఇవేవీ ఇంట్లో భయం మధ్య బతికే స్త్రీకి నేను కళ్ళు మూసుకుని చెప్పను. జుట్టు పట్టుకుని "ఫోన్ తెరువు" అన్నవాడిని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. అలాంటి ఆమెకు మేము ఇప్పుడు చెప్పేది వేరు. నీ ఫోన్లో ఏమీ రాయకు, మా దగ్గరికి వచ్చినప్పుడు చెప్పు, మేము రాస్తాం, లేదా పక్కింటి అక్క ఫోన్ నుంచి చెప్పు. రాయక తప్పకపోతే ముందు ఆ ఫోన్లో ఖాతా ఎవరిదో చూస్తాం. కొన్నిసార్లు బియ్యం డబ్బాలో దాచిన చిన్న నోటు పుస్తకమే అన్నిటికన్నా మంచి యాప్. కోర్టు సంగతి కూడా మరిచిపోకూడదు. ఫోన్లో వున్నదాన్ని ఎలక్ట్రానిక్ రికార్డుగా దాఖలు చేయాలంటే చట్టప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. సుప్రీంకోర్టు 2020లో అది తప్పనిసరి అని మరోసారి స్పష్టం చేసింది. అందుకే ముఖ్యమైన కేసుల్లో అదేరోజు ప్రింటు తీసి, తేదీ వేసి, ఆమె చేతా మా చేతా సంతకం పెట్టించి ఫైలులో పెడుతున్నాం. ప్రింటు తీసినా ధ్రువపత్రం అవసరం తీరదని మా వకీలు చెప్పింది. కానీ ఆ కాగితం చూస్తే బోనులో మళ్ళీ నా నోరు పెగులుతుంది.

"ఇవన్నీ నేర్చుకునే తీరిక మనకెక్కడిది?" అన్నది చివరి అభ్యంతరం. అది నిజమైన అభ్యంతరం కాబట్టి దాన్ని నేను తోసిపుచ్చను. జోప్లిన్ పెట్టుకుని, నలుగురికి నేర్పి, పాత నోటుబుక్కుల్లో ముఖ్యమైనవి ఎక్కించడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. రెండుసార్లు తప్పుచేసి మళ్ళీ మొదలుపెట్టాం. తెలుగులో ఎలా వస్తుందో, తెలుగు మాట వెతికితే దొరుకుతుందో లేదో ఎవరికివారు పది నోట్సు రాసి పరీక్షించుకోవాలి. అన్నీ ఇంగ్లీషువాళ్ళను దృష్టిలో పెట్టుకుని తయారైనవే. తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తయారుచేసిన స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచీ మన దగ్గరే వుంది. మన జిల్లాల్లోనే ఇంజనీరింగు కాలేజీలున్నాయి, వాటిలో మన ఆడపిల్లలున్నారు. పోస్టర్లు అతికించడానికీ ఊరేగింపులో నడవడానికీ వాళ్ళను పిలుస్తాం, ఈ పనికి ఒక్కసారీ పిలవలేదు.

వచ్చే జిల్లా సమావేశంలో నేను తీర్మానం పెడుతున్నాను. మన కేంద్రాల కేసు నోట్సు ఇకనుంచి మనం తెరిచి చూడగలిగిన, యాప్ పోయినా చదవగలిగిన రూపంలోనే వుండాలని, తాళంచెవి ఏ ఒక్క మనిషి ఫోన్లోనో కాక సంఘం దగ్గర వుండాలని. వ్యతిరేకించేవాళ్ళు వ్యతిరేకించండి, భోజనాలకు ముందే చర్చ పెడదాం. వచ్చేముందు మాత్రం ఒక పని చేయండి. మీ కేంద్రం నోట్సు ఏ ఖాతాలో వుందో, ఆ ఖాతాకు ఏ ఫోన్ నంబరు ఇచ్చారో, ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర వుందో కాగితం మీద రాసుకుని రండి. మా పక్క కేంద్రంలో అడిగితే ఆ నంబరు, రెండేళ్ళ కిందట పని మానేసి వెళ్ళిపోయిన అకౌంటెంటు కుర్రాడిదని తేలింది.